రెప్ప మీది గడ్డ కంటి గూట్లోకి పాకకముందే: అద్దం ముందు పరీక్ష నుంచి ఆపరేషన్ తర్వాతి జాగ్రత్తల దాకా

చర్మ క్యాన్సర్ కంటికి చేరడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. దగ్గరి దారిలో జబ్బు రెప్ప చర్మంలోనో, రెప్ప అంచున ఉండే నూనె గ్రంథుల్లోనో మొదలై మెల్లగా కంటి తెల్లగుడ్డు మీదికి, కంటి గూట్లోకి, చెవి ముందున్న లింఫు గ్రంథుల్లోకి పాకుతుంది. దూరపు దారిలో అరికాలి మీదో వీపు మీదో పుట్టిన మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) రక్తంలో ప్రయాణించి కనుగుడ్డు లోపలి పొరల్లో దిగుతుంది. మన దగ్గర ఎక్కువగా చూసేది మొదటిదే. అందుకే ఇక్కడ చెప్పేదంతా దాదాపు దాని గురించే. రెండోది చివర్లో క్లుప్తంగా ఉంది.

పాశ్చాత్య దేశాల్లో రెప్ప క్యాన్సర్ అంటే నూటికి ఎనభై తొంభై బేసల్ సెల్ కార్సినోమానే, అంటే చర్మం పైపొర అడుగు కణాల్లో పుట్టే క్యాన్సరే. అది నిదానంగా పెరుగుతుంది, దూరపు అవయవాలకు పాకడం చాలా అరుదు. మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 536 మంది రెప్ప క్యాన్సర్ రోగుల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించారు. అందులో సగానికి పైగా సెబేషియస్ గ్రంథి కార్సినోమా, అంటే నూనె గ్రంథుల క్యాన్సరే. బేసల్ సెల్ నాలుగో వంతు దాకా, స్క్వామస్ సెల్, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టేది, ఇంకాస్త తక్కువ. ఈ తేడా తెలియకపోతే ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్ పేజీలు చదివి, "రెప్ప క్యాన్సర్ నెమ్మదైనదే, తర్వాత చూసుకోవచ్చు" అనుకునే ప్రమాదం ఉంది. నూనె గ్రంథుల క్యాన్సర్ అంత నెమ్మదైనది కాదు. పైగా అచ్చం కంటి కురుపులాగే కనిపిస్తుంది.

ముందు అద్దం ముందు చూసుకోండి

పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చోండి. ట్యూబ్‌లైటు కింద పసుపు రంగు తేడా తెలియదు. చేతులు సబ్బుతో కడుక్కోండి, కాటుక, మస్కారా పూర్తిగా తుడిచేయండి. ఫోన్‌తో ఫొటో తీస్తుంటే బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. అది సన్నటి గీతల్ని, వెంట్రుకల్ని నున్నగా చెరిపేస్తుంది, మనం వెతికేది సరిగ్గా వాటినే.

కింది రెప్పను వేలితో కొద్దిగా కిందికి లాగి లోపలి ఎర్రటి పొర చూడండి. పై రెప్పను కనుబొమ్మ వైపు ఎత్తి అంచు చూడండి. పై రెప్పను పూర్తిగా తిరగేయడం మాత్రం మీరు ప్రయత్నించకండి, అది డాక్టర్ చేసే పని. ఇప్పుడు రెండు కళ్ల రెప్ప వెంట్రుకల్ని పోల్చండి. గడ్డ ఉన్నచోట వెంట్రుకలు రాలిపోయి ఖాళీ కనిపిస్తోందా? ఇంట్లో చూసుకోగలిగిన గుర్తులన్నిటిలోనూ ఎక్కువ పనికొచ్చేది ఇదే. మామూలు కురుపు వెంట్రుకల కుదుళ్లను సాధారణంగా నాశనం చేయదు, క్యాన్సర్ చేస్తుంది.

వెంట్రుకలు ఊడటం కాక ఇంకా చూడాల్సినవి:

- ఒకసారి తీయించుకున్న గడ్డ మళ్లీ సరిగ్గా అదే చోట రావడం.
- గడ్డలో పసుపు ఛాయ, నొప్పి లేకుండా గట్టిగా ఉండటం, రెప్ప అంచు మందం కావడం.
- ఒక్క కన్నే నెలల తరబడి ఎర్రగా ఉండి, చుక్కల మందు ఎన్ని మార్చినా తగ్గకపోవడం. రెండు కళ్లూ ఎర్రబడితే అలర్జీయో ఇన్‌ఫెక్షనో కావచ్చు. ఒకే కన్ను మొండిగా ఎర్రగా ఉంటే అనుమానించాలి.
- మధ్యలో గుంటపడి, చుట్టూ మెరిసే గట్టు ఉన్న పుండు, పక్కు కట్టి రాలి మళ్లీ రక్తం కారే చోటు.
- ముక్కు పక్కన కంటి మూల దగ్గర గడ్డతోపాటు ఎడతెగని నీరు కారడం.

బేసల్ సెల్ గురించి ఒక మాట. తెల్లవాళ్లలో అది ముత్యంలా మెరుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మనవాళ్ల చర్మంలో అది చాలాసార్లు నల్లగా, పుట్టుమచ్చలాగే ఉంటుంది. నలభై దాటాక కింది రెప్ప మీద కొత్తగా "పుట్టుమచ్చ" వచ్చి పెరుగుతోందంటే దాన్ని మచ్చ అనుకుని వదిలేయకండి.

ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టుకుని, రెండు వారాలకోసారి అదే చోట, అదే వెలుతురులో తీయండి. డాక్టర్ గదిలో "పెరిగినట్టే ఉందండీ" అనడం కన్నా మూడు ఫొటోలు చూపించడం వల్ల పని త్వరగా జరుగుతుంది.

కాపడానికి నాలుగు వారాలు గడువు పెట్టుకోండి

వెంట్రుకలు ఊడని, మొదటిసారి వచ్చిన గడ్డకు ముందు కాపడం పెట్టి చూడటం తప్పేమీ కాదు. శుభ్రమైన బట్టను చేతికి ఓర్చుకునేంత వేడి నీళ్లలో ముంచి పిండి, మూసిన కన్ను మీద 10 నిమిషాలు ఉంచండి. చల్లారగానే మళ్లీ ముంచాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. నాలుగు వారాల్లో స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే, పెరిగితే, పై గుర్తుల్లో ఏదైనా కనిపిస్తే గడువు అయిపోయినట్టే, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పైన చెప్పిన పుండు, వెంట్రుకలు రాలడం, అదే చోట తిరిగి రావడం వంటివి మొదట్నుంచే ఉంటే ఈ నాలుగు వారాలు కూడా ఆగొద్దు.

ఈ గడువులో చేయకూడనివి మూడు. గడ్డ పక్వానికి వస్తుందని సున్నం, బెల్లం కలిపి పట్టించే అలవాటు ఇప్పటికీ ఉంది. కాలి మీద గడ్డకైతే ఏమోగానీ, రెప్ప మీది సున్నం కంట్లోకి జారితే నల్లగుడ్డు కాలిపోయి చూపు పోతుంది. పొరపాటున పడితే వెంటనే కన్ను తెరిచి కనీసం అరగంట కుళాయి నీళ్ల ధార కింద కడగాలి, కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరే ఏర్పాటు చేయాలి. రెండోది, ఆకు పసరు కంట్లో పిండడం. పసరుతో పాటు వచ్చే బూజు వల్ల నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, అది క్యాన్సర్ కన్నా ముందే చూపు తీసేస్తుంది. మూడోది మందుల షాపులో "ఎర్రదనానికి చుక్కలు" అని అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు. ఇవి మరీ మోసం. రెండు రోజుల్లో కన్ను తెల్లబడుతుంది, తగ్గిందనుకుంటారు. లోపల జబ్బు నడుస్తూనే ఉంటుంది, పైగా కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా (నీటికాసులు) రావచ్చు.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి, ఏం అడగాలి

చెప్పాల్సినవి: ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు ఎన్నిసార్లు తీశారు, తీసింది ల్యాబ్‌కు పంపారా లేదా. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, గతంలో ముఖం మీద రేడియేషన్ తీసుకున్నారా అన్నవి కూడా. ఈ జాబితా కాగితం మీద రాసుకుని వెళ్లండి.

పరీక్షలో రెప్పను తిరగేసి లోపలివైపు చూడాలి, చెవి ముందు, దవడ కింద, మెడలో బిళ్లలు కట్టాయేమో చేత్తో తడిమి చూడాలి. హడావుడి ఓపీలో ఈ రెండోది తరచూ జారిపోతుంది. "చెవి ముందు బిళ్ల ఉందేమో ఒకసారి చూడండి డాక్టర్ గారూ" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పై రెప్పలోని జబ్బు ముందుగా చెవి ముందున్న గ్రంథులకు వెళ్తుంది, కింది రెప్పలో ముక్కు వైపు పుట్టినది దవడ కింది గ్రంథులకు వెళ్తుంది.

ఇక అసలు విషయం. కంటి గడ్డను లోపలివైపు నుంచి కోసి గీకి శుభ్రం చేయడం పది నిమిషాల పని. మొదటిసారి, చిన్న వయసులో, గుర్తులేవీ లేకుండా ఉంటే అంతటితో సరిపోతుంది. నలభై దాటినవారికి, లేదా అదే చోట రెండోసారి వచ్చిన గడ్డకు మాత్రం గీకిన సరుకును దూదిలో చుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు. దాన్ని, దానితో పాటు గడ్డ గోడ నుంచి ఒక ముక్కను కలిపి బయాప్సీకి పంపాలి. గీకితే వచ్చే జిగురు మాత్రమే పంపితే క్యాన్సర్ కణాలు అందులో ఉండకపోవచ్చు. రిపోర్టు "మామూలు వాపు" అని వస్తుంది, ఆరు నెలలు అనవసరంగా పోతాయి. పైపైన చర్మం గీసి పంపినా ఇదే చిక్కు, ఎందుకంటే నూనె గ్రంథులు రెప్ప లోపలి గట్టి పలకలో, అంటే టార్సస్‌లో ఉంటాయి. ముక్క అక్కడిదాకా వెళ్లాలి.

ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క కన్నా కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి గంటల తరబడి ఉంచితే కణాలు ముడుచుకుపోయో ఉబ్బిపోయో చదవడానికి పనికిరావు. సీసా మూత మీద కాదు, సీసా ఒంటి మీద పేరు, వయసు, ఏ కన్ను, పై రెప్పా కింది రెప్పా అని రాసి ఉందో లేదో చూసుకోండి. మూతలు మారిపోతాయి. సీసాను మీరే ల్యాబ్‌కు తీసుకెళ్లాల్సి వస్తే నిలువుగా పట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో కట్టి, పిల్లలకు దూరంగా ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టే అవసరం లేదు.

ల్యాబ్‌కు వెళ్లే చీటీ మీద "సెబేషియస్ గ్రంథి కార్సినోమా అనుమానం" అని రాయమని అడగండి. ఈ ఒక్క వాక్యం విలువ చాలా ఎక్కువ. రెప్పలు తరచూ చూడని ప్యాథాలజిస్టుకు ఇది స్క్వామస్ సెల్‌లాగో బేసల్ సెల్‌లాగో కనిపించవచ్చు. అనుమానం ముందే తెలిస్తే కణాలకు ప్రత్యేక రంగులు వేసి, కణాల్లోని ప్రోటీన్లను గుర్తుపట్టే ఇమ్యునో పరీక్షలు పెట్టి తేల్చుకుంటారు.

రిపోర్టు చేతికొచ్చాక

రిపోర్టుతో ఊరుకోకండి. ల్యాబ్ నుంచి స్లైడులు, మైనపు బ్లాక్ కూడా తీసుకోండి. అడిగితే రశీదు మీద సంతకం పెట్టించుకుని ఇస్తారు. పెద్ద ఆసుపత్రిలో మళ్లీ చూడటానికి, ఇంకొన్ని పరీక్షలు పెట్టడానికి ఆ బ్లాక్ కావాలి. అది నిజంగా మైనమే, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మెత్తబడి పాడవుతుంది.

రిపోర్టులో వెతకాల్సినవి నాలుగు. మొదట రకం ఏమిటి. తర్వాత అంచులు: ముక్క అంచుల దాకా క్యాన్సర్ ఉందా, ఉంటే ఏ వైపు. మూడోది నరాల చుట్టూ పాకిందా, దీన్ని పెరిన్యూరల్ ఇన్వేజన్ అని రాస్తారు. నాలుగోది పేజెటాయిడ్ స్ప్రెడ్. నూనె గ్రంథుల క్యాన్సర్‌కు ఉన్న దొంగబుద్ధి ఇది: అసలు గడ్డతో సంబంధం లేనట్టు, కంటి తెల్లపొర పైకణాల మధ్యలోంచి ఒక్కొక్క కణంగా దూరదూరంగా పాకిపోతుంది. కంటికి కనిపించదు, వట్టి ఎర్రదనంలాగే ఉంటుంది.

"మామూలు గడ్డే" అని రిపోర్టు వచ్చి, ఆ గడ్డ మళ్లీ వస్తే? గడ్డను నమ్మండి, రిపోర్టును కాదు. మళ్లీ బయాప్సీ చేయించండి, ఈసారి లోతుగా.

ఇక్కడి నుంచి ఓక్యులోప్లాస్టీ (రెప్పలకు, కంటి గూటికి ఆపరేషన్లు చేసే విభాగం) లేదా కంటి క్యాన్సర్ విభాగం ఉన్న ఆసుపత్రికి మారాలి. ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికి హైదరాబాద్‌తో పాటు విశాఖపట్నం, విజయవాడల్లోనూ ప్రాంగణాలున్నాయి. రేడియేషన్, కీమో అవసరమైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ చికిత్సలకు వర్తిస్తాయి. అయితే మీకు చెప్పిన ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో పథకం కింద ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్ర కౌంటర్లో కనుక్కోండి. ఆమోదం రాకముందే సొంత డబ్బు కట్టేస్తే తర్వాత వెనక్కి రావడం కష్టం. బయాప్సీ రిపోర్టు, రేషన్ లేదా ఆరోగ్య కార్డు, ఆధార్ మూడూ రెండేసి జిరాక్సులు పెట్టుకోండి.

ఎంత దూరం పాకిందో తేల్చడం

గడ్డ సైజును 10, 20, 30 మిల్లీమీటర్ల మెట్లుగా చూస్తారు. 10 లోపు మొదటి మెట్టు. రెప్ప పలకలోకి, అంచులోకి దిగిందా, రెప్ప మందం మొత్తం తినేసిందా అన్నది అందులో ఉపవిభాగం. కంటి గూట్లోకి, ముఖం ఎముకల్లోకి చేరితే సైజుతో నిమిత్తం లేకుండా నాలుగో మెట్టే.

గూట్లోకి దిగిందనడానికి ఇంట్లోనే తెలిసే ఆనవాళ్లున్నాయి. కనుగుడ్డు ఒకవైపుకి నెట్టినట్టు ఉండటం, ముందుకు పొడుచుకురావడం, ఒకవైపు చూస్తే వస్తువు రెండుగా కనపడటం, గడ్డ వేలితో కదిలిస్తే ఎముకకు అతుక్కున్నట్టు కదలకపోవడం. నుదుటి మీద, చెంప మీద చీమలు పాకినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటే అది నరం వెంబడి నడుస్తున్న క్యాన్సర్ కావచ్చు. స్క్వామస్ సెల్‌లో ఇది ఎక్కువ. పైకి గడ్డ చిన్నదిగానే ఉంటుంది కాబట్టి ఈ తిమ్మిరిని చాలామంది పంటి నొప్పి ఖాతాలోనో సైనస్ ఖాతాలోనో వేసేస్తారు. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

ఎముక ఎంత తిన్నదో సీటీ బాగా చూపిస్తుంది. నరం, కండ, మెత్తటి కణజాలం ఎంఆర్ఐలో తెలుస్తాయి. నరం అనుమానం ఉంటే సీటీ ఒక్కటి చాలదు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో స్కాన్ అంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే స్కానింగ్ సెంటర్‌కు ముందే చెప్పాలి. మెడ గ్రంథులకు అల్ట్రాసౌండ్, అనుమానం ఉన్న బిళ్లలోంచి సన్నటి సూదితో కణాలు తీసి చూడటం చేస్తారు. నూనె గ్రంథుల క్యాన్సర్ పెద్దదైనప్పుడు గ్రంథులు మామూలుగా కనిపించినా, ముందు వరుసలోని ఒక గ్రంథిని తీసి పరీక్షించే సెంటినెల్ బయాప్సీ కూడా సూచించవచ్చు.

ఆపరేషన్ రోజున ఏం జరుగుతుంది

గడ్డతో పాటు చుట్టూ బాగున్నట్టు కనిపించే కణజాలం కూడా తీస్తారు. బేసల్ సెల్‌కు సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్లు, నూనె గ్రంథుల క్యాన్సర్‌కు 5 దాకా. అంచుల్ని అక్కడికక్కడే గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూడటాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. పేజెటాయిడ్ పాకుడు అనుమానం ఉంటే తెల్లపొరలో పలుచోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి, ఒక్కోదాన్ని వేరే సీసాలో వేసి, ఏది ఎక్కడిదో బొమ్మగీసి పంపుతారు. ఇది మ్యాప్ బయాప్సీ. పొర పొరగా తీస్తూ మొత్తం అంచును చూసే మోస్ పద్ధతి బేసల్ సెల్‌కు, ముఖ్యంగా ముక్కు పక్క మూలలో వచ్చినదానికి చాలా మంచిది. దూకి దూకి పాకే నూనె గ్రంథుల క్యాన్సర్‌లో దానికి పరిమితులున్నాయి.

మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "అంచులు శుభ్రమని తేలాకే రెప్పను కడతారా?" కొన్నిచోట్ల తీసేసిన తర్వాత కట్టుతో పంపి, రిపోర్టు వచ్చాక రెండు మూడు రోజులకు రెప్పను తిరిగి కడతారు. తెరిచిన గాయంతో ఇంటికి పంపారని కంగారుపడకండి, అదే సరైన వరస. అంచు తేలకుండా ఫ్లాప్ (పక్క నుంచి జరిపి కుట్టే కణజాలం) కట్టేస్తే, దాని కింద మిగిలిన క్యాన్సర్ బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

రెప్పలో నాలుగో వంతు వరకు పోతే నేరుగా కుట్టేయవచ్చు, వయసు మీరినవారి చర్మం వదులుగా ఉంటుంది కనుక మూడో వంతు దాకా కూడా. అంతకు మించితే పక్క నుంచి చర్మం జరపాలి. కింది రెప్ప చాలా భాగం పోతే పై రెప్ప లోపలి పొరను దించి కుట్టే హ్యూస్ ఫ్లాప్ వాడతారు. పై రెప్ప పోతే కింది నుంచి ఎక్కించే కట్లర్ బియర్డ్ పద్ధతి ఉంది. ఈ రెండిట్లోనూ ఆ కన్ను కొన్ని వారాలు మూసే ఉంటుంది, హ్యూస్‌కు దాదాపు రెండు నుంచి ఆరు వారాలు, కట్లర్ బియర్డ్‌కు ఆరు నుంచి ఎనిమిది. తర్వాత రెండో చిన్న ఆపరేషన్‌తో విడదీస్తారు. రెండో కంటి చూపు సరిగా లేనివారికి ఇది పెద్ద ఇబ్బంది. ఆ సంగతి ముందే చెప్పండి, డాక్టర్ వేరే పద్ధతి ఎంచుకోవచ్చు. బండి నడిపేవాళ్లు, మెట్లు, నిచ్చెనలు ఎక్కి పనిచేసేవాళ్లు సెలవు ముందుగానే చూసుకోవాలి. ఒకే కన్నుతో లోతు సరిగా తెలియదు.

యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ వేసినవారు సొంతంగా ఆపితే గుండెకే ముప్పు. గుండె డాక్టర్, కంటి డాక్టర్ మాట్లాడుకుని నిర్ణయించాలి.

జబ్బు కంటి గూట్లోకి గట్టిగా దిగితే కనుగుడ్డుతో సహా గూడంతా తీసేసే ఎక్సెంటరేషన్ చెబుతారు. వినడానికే భయమేస్తుంది. సంతకం పెట్టే ముందు ఇంకో దారి ఉందా అని తప్పక అడగండి, ఎందుకంటే కొందరికి ఉంది. నూనె గ్రంథుల క్యాన్సర్‌లో ముందు కీమోతో గడ్డను కుదించి తర్వాత తక్కువ కోతతో తీయడం మన ఆసుపత్రుల్లో చేస్తున్నారు. బేసల్ సెల్‌కు విస్మోడెగిబ్ అనే 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి ఉంది, దానికి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. కండరాలు పట్టేయడం, రుచి పోవడం, జుట్టు ఊడటం దాని మామూలు ఇబ్బందులు. కడుపులో బిడ్డకు మాత్రం తీవ్రమైన హాని చేస్తుంది. వాడే ఆడవాళ్లు మందు ఆపాక కూడా 24 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, ఆడా మగా ఎవరూ ఆ కాలంలో రక్తదానం చేయకూడదు. ఖర్చు, దొరకడం రెండూ ముందే కనుక్కోండి. ముదిరిన స్క్వామస్ సెల్‌కు సెమిప్లిమాబ్ అనే ఇమ్యునో మందు (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపేది) 2018 నుంచి వాడుకలో ఉంది. ఇవేవీ సరిపోవని తేలి, ప్రాణం దక్కాలంటే గూడు తీయక తప్పదని ట్యూమర్ బోర్డు (క్యాన్సర్ డాక్టర్ల బృందం) చెప్తే ఇక వాయిదా వేయొద్దు.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు

రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి, వాపు తగ్గుతుంది. కట్టు తీసేదాకా, సాధారణంగా 24 నుంచి 48 గంటలు, తడపొద్దు. తర్వాత కుట్ల మీద యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ బియ్యపు గింజంత, రోజుకు మూడు సార్లు, కడిగిన వేలితోనో బడ్‌తోనో. ట్యూబు మూతి కుట్లకు తగలనివ్వకండి. పక్కు గోటితో గిల్లొద్దు. హ్యూస్ ఫ్లాప్ ఉన్నవారు కంటికి ప్లాస్టిక్ షీల్డ్ పెట్టుకుని పడుకోవాలి, నిద్రలో తెలియకుండా రుద్దితే ఫ్లాప్ తెగుతుంది. ఒళ్లో ఎక్కే చిన్నపిల్లలున్న ఇంట్లో పగలు కూడా పెట్టుకోండి.

కొద్దిగా రక్తం చెమ్మ వస్తే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, కనుగుడ్డు మీద బరువు పడకుండా ఎముక అంచు మీద అదిమి పట్టండి. ఉన్నట్టుండి విపరీతమైన నొప్పితో కన్ను ఉబ్బి, చూపు మసకబారితే అది లోపలి రక్తస్రావం. ఆ రాత్రే, ఆ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్లాలి, పొద్దున దాకా ఆగితే చూపు దక్కదు.

కుట్లు వారం నుంచి రెండు వారాల్లో తీస్తారు. తర్వాత రెప్ప సరిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండిపోతుంది, కాబట్టి పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి జెల్ వాడమంటారు. ఫ్యాను గాలి నేరుగా ముఖం మీద పడకుండా మంచం జరుపుకోండి. రేడియేషన్ పెడితే, మామూలుగా ఐదారు వారాలు, వెంట్రుకలు ఊడటం, కన్ను ఎండటం, చర్మం నల్లబడటం ఉంటాయి. కొన్నేళ్లకు శుక్లం రావచ్చు. అది వస్తే ఆపరేషన్‌తో తీయవచ్చు.

తర్వాత ఎన్నాళ్లు చూపించుకోవాలి

మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి వదలకుండా. ప్రతిసారీ రెప్ప తిరగేసి చూడాలి, గ్రంథులు తడమాలి. "బాగానే ఉన్నారు" అని దూరం నుంచి చూసి పంపేస్తే ఆ రెండూ చేయమని అడగండి. మధ్యలో మీరే నెలకోసారి స్నానం చేశాక చెవి ముందు, దవడ కింద రెండు వైపులా వేళ్లతో తడిమి పోల్చుకోండి.

నూనె గ్రంథుల క్యాన్సర్ వచ్చినవారు ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ చిన్న వయసులో వచ్చిందా అని ఆరా తీయండి. మ్యూర్ టారీ అనే వంశపారంపర్య జబ్బులో ఇవి కలిసి వస్తాయి. దాచిన మైనపు బ్లాక్ మీదే దానికి పరీక్ష చేయవచ్చు. తేలితే కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) తప్పనిసరి.

మేనరికం పెళ్లిళ్లున్న కుటుంబాల్లో ఇంకో జబ్బు చూసుకోవాలి, జీరోడెర్మా పిగ్మెంటోసమ్. బిడ్డ రెండేళ్ల లోపే ముఖం నిండా చిన్న చిన్న మచ్చలు, ఎండలోకి తీసుకెళ్తే కళ్లు తెరవలేకపోవడం, కొద్దిసేపటికే చర్మం కందిపోవడం దాని మొదటి లక్షణాలు. ఈ పిల్లలకు పదేళ్ల లోపే రెప్పల మీద, తెల్లగుడ్డు మీద క్యాన్సర్ వస్తుంది. ఇంటి కిటికీలకు అతినీలలోహిత కిరణాలు ఆపే ఫిల్మ్, బయటికెళ్తే ముఖం అంతా కప్పే బట్ట, పక్కలు మూసిన కళ్లద్దాలు, 50 ఎస్‌పీఎఫ్ క్రీము రెండు గంటలకోసారి ఉండాలి. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వాలి. మూడు నెలలకోసారి చర్మం డాక్టర్‌కూ కంటి డాక్టర్‌కూ చూపించాలి. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

ఒంటి మీద మరెక్కడో మెలనోమా ఉన్నవారికి

మనవాళ్లలో చర్మపు మెలనోమా ఎక్కువగా అరికాలిలో, గోటి కింద వస్తుంది. అది కంటి లోపలికి చేరడం అరుదు. కంటిలోకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, ఊపిరితిత్తులవే ముందుంటాయి. కంటిలోనే పుట్టే మెలనోమా వేరే జబ్బు, అది కాలేయానికి వెళ్తుంది. రెండిటినీ కలిపి చదివి కంగారుపడకండి.

మెలనోమాకు చికిత్స తీసుకుంటున్నవారు వారానికోసారి ఒక్కో కన్ను మూసి, గోడ క్యాలెండర్‌లోని తేదీలు చదవండి. గీతలు వంకర పోవడం, ఒక పక్క నీడ కమ్మడం, మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కలు పెరగడం కనిపిస్తే రెండు మూడు రోజుల్లోపే కంటి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. మెరుపులు, నీడ కలిసి వస్తే అదే రోజు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇమ్యునో మందుల వల్ల కంటిలో వాపు రావచ్చు, ట్రామెటినిబ్ వంటి మాత్రల వల్ల రెటీనా కింద నీరు చేరవచ్చు. క్యాన్సర్ పాకిందా, మందు వల్లనా అన్నది రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్, అల్ట్రాసౌండ్ చూసి తేలుస్తారు. మాత్ర సొంతంగా ఆపకుండా ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టర్‌కు) ఫోన్ చేయండి. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత మెలనోమా రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ చేతిలో ఉండాలి. పాపకు చుక్కలు వేశాక ఐదారు గంటలు చూపు మసకగానే ఉంటుంది, తోడుగా బండి నడిపే మనిషిని తీసుకెళ్లండి.